రాణిసముద్రం కాపలా

పేరుకు రాణిసముద్రం గానీ, నిజానికి అది చెరువు. కేతేపల్లి దాటి లోపలికి పోతే కొత్తబావిగూడెం వస్తుంది. ఆ ఊరి వెనక గుట్టల నడుమ కట్ట పోసి నిలిపిన నీళ్లు. అవతలి ఒడ్డున నిలబడ్డది మనిషో మొద్దో ఇవతలి నుంచి తెలియదు, అంత వెడల్పు. అందుకే ఊళ్లో ఎవరూ దాన్ని చెరువనరు. "సముద్రం కాడికి పోయొస్త" అంటారు. అసలు సముద్రం చూసినవాళ్లు ఆ ఊళ్లో ఎంతమంది అంటే మాత్రం నన్నడగకండి.

ఆ నీళ్ల చుట్టూ ఒక కాలిబాట ఉంది. గొర్లు, బర్లు, చేపల సంఘం మనుషులు నడిచి నడిచి పడిన బాట. దీపావళి పోయి చేప అరచెయ్యి దాటి పెరిగిందంటే ఇక సంఘానికి కంటి మీద కునుకుండదు. వల వేసి ఎత్తుకుపోయేవాళ్లు కొందరు. ఇంకా పాపిష్టివాళ్లయితే పొలానికి చల్లే విషపు గుళికలు నీళ్లలో కలిపి, తేలిన చేపను బస్తాలకెత్తుకొని పోతారు. అందుకని వేసవిలో వలలు దింపేదాకా సంఘం వాళ్లు ఇద్దరిద్దరుగా వంతులేసుకొని కాపలా కాస్తారు. కట్టుబాటు ఒకటే. వంతు పడ్డవాళ్లు పొద్దుగూకింది మొదలు తెల్లారేదాకా కట్ట విడిచి పోరాదు. పోయినట్టు తేలితే సంఘంలోంచి పేరు తీసేస్తారు.

ఆ యేడు ఆ కట్టుబాటు సైదమ్మ మెడ మీద కత్తిలా వేలాడుతోంది. ఆమె మొగుడు గాలయ్య పోయిన వానాకాలం జ్వరంతో పోయాడు. అతని పేరు మీదున్న చేపల పాలు, అంటే సంఘంలో వాటా, తన పేరుకు మార్చమని ఆమె సంఘంలో అడిగేసరికి మగవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కట్ట మీద ఆడమనిషి కాపలా కాయడమా? అందరికంటే ముందు లేచింది మరిది దుర్గయ్య. "అన్న పేరు నా కొడుకుకు రాయిండ్రి. వదినెను మేం సూసుకుంటం" అన్నాడు. ఆ సూసుకోవడం ఎట్లా ఉంటుందో సైదమ్మకు తెలుసు. వాళ్లింటి ఎంగిలి కంచాలు తోముకుంటూ, పెట్టింది తింటూ పడి ఉండడం. ఆమె ఒప్పుకోలేదు. చివరికి సంఘం పెద్ద లింగస్వామి గడ్డం గోక్కొని తీర్పు చెప్పాడు. "ఈ ఒక్క యేడు సూద్దాం. కాపలాల తప్పు రాకుంటే పేరు ఆమెదే. వస్తే మాత్రం దుర్గయ్య కొడుకుకు రాస్తం." ఇంతా చేసి, కాపలాకు ఆమెకు జతగా వేసింది ఎవరినయ్యా అంటే, ఆ దుర్గయ్యనే.

ఆ సాయంత్రానికి ముసురు పట్టి మూడో రోజు. ఆకాశం నల్లగా మూతపడి, పొయ్యిలో కట్టెలు కూడా అంటుకోకుండా ఊరంతా పొగ తాగుతోంది. సైదమ్మ యూరియా సంచిని మడిచి తల మీంచి కొప్పెరగా వేసుకొని, కొంగు నడుముకు బిగించి, కర్ర పట్టుకొని కట్ట మీద నడుస్తోంది. వెనక దుర్గయ్య గొడుగేసుకొని, బీడీ తడవకుండా అరచేతిలో దాచుకొని వస్తున్నాడు.

కట్ట అయిపోయే చోట నీళ్లు ఒక మూలకు తిరుగుతాయి. లోతు తక్కువ, గుర్రపుడెక్క అల్లుకొని కుళ్లిపోయి కంపు కొడుతుంటుంది. ఆ మూల ఒడ్డున పచ్చగా ఏదో ఉబ్బి కనబడింది.

"దుర్గయ్యా, గదేంది?" అంది సైదమ్మ.

దుర్గయ్య కళ్లు చికిలించి చూశాడు. "గుడారం లెక్కుంది. హైదరాబాదోళ్లు ఫోటోలు దిగనీకి వస్తరు గదా."

"గీ వానలనా?"

"పైసలున్నోళ్లకు వానేంది, ఎండేంది. నువ్వు పొయ్యి అర్సుకొని రా వదినె. నేను ఇంటికి పొయ్యి బువ్వ పట్టుకొస్త."

"వంతుల ఉండి ఇంటికి పోవుడేంది?"

"గిట్ల పొయ్యి గట్ల వస్త. నువ్వేమన్న చెప్తవా, నేనేమన్న చెప్తనా?" అని పళ్లికిలించి, సమాధానం కూడా వినకుండా కట్ట దిగి ఊరి దారి పట్టాడు.

అతని గొడుగు కనుమరుగయ్యేదాకా సైదమ్మ అక్కడే నిలబడింది. ఈయనకు ఇప్పుడే ఆకలెందుకైంది? ఆ గుడారం ఈ రోజే, నా వంతు రోజే ఎందుకు లేచింది? ఎవడో దోస్తును తెచ్చి పెట్టి, నాలుగు బస్తాల చేప మాయం చేయిస్తే చాలు, గాలయ్య పేరు చెరిగిపోతుంది, వాని కొడుకు పేరెక్కుతుంది. ఓరి నీ తెలివి తెల్లారా! ఊళ్లో ఇంతమంది ఉండగా నన్నే ముంచాలనుకున్నావా అనుకుంది. కర్రను గట్టిగా పట్టుకొని గుడారం వైపు నడిచింది. పోయి చూసి వచ్చెయ్యాలి, అంతే. చూడడం కూడా కాపలాయే కదా.

గుడారం దగ్గరికి పోయి కర్రతో గుడ్డ మీద కొట్టింది. "ఎవల్రా లోపల? బయటికి రా!"

జర్రున జిప్పు తెరుచుకుంది. లోపలి నుంచి ఒక ఆడపిల్ల తల బయటపెట్టింది. ఇరవై అయిదేళ్లుంటాయి, కళ్లద్దాలు, తడిసి నుదుటికి అతుక్కున్న వెంట్రుకలు. చేతిలో ఉడికీ ఉడకని మ్యాగీ గిన్నె.

దొంగ కోసం వచ్చినామెకు ఆడపిల్ల దొరికితే ఏం చెయ్యాలి? సైదమ్మ గుడారం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. లోపలికి తొంగి చూసింది. ఇంకెవరూ లేరు.

"ఒక్కదానివేనా?"

"ఔనక్కా."

"మొగోళ్లేరీ?"

"ఎవరూ లేరక్కా. నేనే వచ్చిన. నా పేరు నిహారిక. మహబూబ్‌నగర్. అక్కడ కళ్లద్దాల దుకాణంల పని చేస్త."

"పాలమూరు పిల్లకు ఈడేం పని?"

"పనేం లేదు. చెరువుల పొంట నడుస్త, ఎక్కడ చీకటైతే అక్కడ గుడారమేసుకుంట. సెలవు దొరికినప్పుడల్లా ఇదే పని. నకిరేకల్ల బస్సు దిగి నడుసుకుంట వచ్చిన."

"ఏం దొరుకుతది?"

"ఏం దొరకదక్కా. మంచిగనిపిస్తది."

సైదమ్మ నొసలు ముడిచింది. పైసా రాకుండా, దేవుడి మొక్కు లేకుండా, వానలో బురదలో ఆడపిల్ల ఒంటరిగా పడుకుంటుందా? ఎవరికి చెబుతుంది కత! ఆమె బుర్రలో అనుమానాలు ఒకదాని వెనక ఒకటి బారులు తీరాయి. ఇంట్లోంచి లేచిపోయి వచ్చిందేమో, వాడెవడో రావాలేమో. లేకుంటే ప్రాణం మీద విసుగెత్తి నీళ్లలో దూకడానికి వచ్చిందేమో. అదీ కాకుంటే చేపల దొంగలకు కావలి కూర్చోబెట్టిన పిల్లేమో, ఆడపిల్లనైతే ఎవరూ పట్టుకోరని.

"ఇంట్ల చెప్పే వచ్చినవా?" అని గుచ్చి అడిగింది.

నిహారిక కొంచెం తడబడింది. "చెప్పిన. నకిరేకల్ల దోస్తు ఇంటికి పోతున్నని."

"అంటే అబద్ధమాడి వచ్చినవు."

"నిజం చెప్తే మా బాపు పంపడక్కా."

చూశారా, అబద్ధం అప్పుడే బయటపడింది. ఇంకెన్ని ఉన్నాయో! సైదమ్మ ఇంకా ఏదో అడగబోతుండగా గాలి లేచింది. అంతదాకా సన్నగా పడుతున్న ముసురు ఒక్కసారిగా రాళ్లు విసిరినట్టు కురిసింది. కట్ట మీద కాపలాకని కట్టుకున్న టార్పాలిన్ పందిరి ఆమె చూస్తుండగానే గుంజలతో సహా లేచి నీళ్లలో పడింది. ఆ వెంటనే కట్ట పక్కనున్న తాటిచెట్టు మీద పిడుగు పడి, దాని తల భగ్గుమంది. ఎప్పుడూ కేక వెయ్యని సైదమ్మ "అమ్మో!" అని కూలబడింది.

"లోపలికి రా అక్కా! సచ్చిపోతవ్!" అని ఆ పిల్ల చెయ్యి పట్టి గుంజింది.

లోపల ఇద్దరు కూర్చుంటే మోకాళ్లు మోకాళ్లకు తగిలేంత జాగా. సైదమ్మ గుమ్మం దగ్గరే కూర్చుంది, కర్ర ఒళ్లో పెట్టుకొని. వాన తగ్గగానే లేచి పోవాలి. కట్ట విడిచి వచ్చానని ఎవరికైనా తెలిస్తే ఇంకేమైనా ఉందా? గాలయ్య ఇరవై ఏండ్లు ఈ నీళ్లలో నానిన మనిషి. తాను చేసే కూలిపనికి తోడు ఆ చేపల పాలు ఒక్కటే ఆమెకు ఆధారం. అది పోతే మరిది ఇంటి గడప తప్ప ఇంకో గడప లేదు.

కానీ వాన తగ్గితే కదా. జిప్పు తీసినప్పుడల్లా ఒక మెరుపు మెరిసి ఆమెను వెనక్కి నెట్టేది.

నిహారిక సీసాలో నీళ్లు పట్టి ఉంచింది, చెరువు నీళ్లే. ఒక చిన్న పట్టీలోంచి తెల్లటి బిళ్ల తీసి ఆ సీసాలో వేసి ఊపింది. సైదమ్మ కళ్లు ఆ బిళ్ల మీదే నిలిచిపోయాయి.

"గదేంది?"

"నీళ్లల్ల పురుగు సచ్చే బిళ్ల. ఇది ఏస్తే ఏ నీళ్లయినా తాగొచ్చు. తాగక్కా."

"నువ్వు తాగు ముందు."

ఆ పిల్ల నవ్వి గటగటా తాగింది. సైదమ్మ ఆమె మొహం కేసి చాలాసేపు చూసింది. ఏమీ కాలేదు. అప్పుడు సీసా తీసుకొని రెండు గుక్కలు మింగింది. దవాఖానలో నేల కడిగినప్పుడు వచ్చే వాసన. కడుపులో ఏమైనా నొప్పి లేస్తుందేమోనని చెయ్యి పెట్టుకొని కూర్చుంది. అదీ రాలేదు.

"నువ్వు పడుకో అక్కా. వాన ఇప్పట్ల తగ్గదు" అంది నిహారిక.

"నాకు నిద్ర రాదు. నువ్వు పడుకో" అంది సైదమ్మ.

ఆ పిల్ల సంచి తల కింద పెట్టుకొని, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి నిద్రపోయింది. సైదమ్మ నిద్రపోలేదు. పోదు కూడా. కళ్లు మూస్తే ఈ పిల్ల లేచి ఏం చేస్తుందో ఎవరికి తెలుసు? బయట ఎవడైనా ఈల వేస్తే లేచి పోతుందేమో. నిద్ర నటిస్తోందేమో. అప్పుడప్పుడు కర్ర కొసతో ఆ పిల్ల కాలు మీద మెల్లగా తట్టి చూసింది. ఆ పిల్ల ముడుచుకొని అటు తిరిగింది, అంతే. తాను చెయ్యి వేసి ఆపగలిగేంత దగ్గర్లో కూర్చొని, సైదమ్మ తెల్లవార్లూ ఆ మొహాన్నే చూసింది. కడుపున పుట్టిన పిల్లను కూడా ఎవరూ అంత రెప్ప వాల్చకుండా చూసి ఉండరు.

కోడి కూసే వేళకు వాన సన్నబడింది. సైదమ్మ చప్పుడు కాకుండా జిప్పు తీసి బయటపడి, కట్ట ఎక్కి తూము దగ్గర కూర్చుంది. ఎవరూ చూడలేదు. దుర్గయ్య జాడ లేదు. మొత్తానికి గండం గడిచింది అనుకొని నిట్టూర్చింది.

అనుకోవడమే ఆలస్యం. బర్లను తోలుకొని వచ్చిన ముసలి మారయ్య గుర్రపుడెక్క మూల నుంచి పెద్దగా కేకేశాడు. "సచ్చినయిరో! చేపలన్నీ సచ్చినయిరో!"

ఆ మూల నీళ్ల మీద చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలి ఉన్నాయి. బొచ్చెలు, రవ్వులు, బంగారుతీగలు. కొన్ని ఇంకా నోళ్లు తెరుచుకొని కొట్టుకుంటున్నాయి. చూస్తుండగానే సంఘం వాళ్లంతా ఉరికొచ్చారు. వాళ్లలో దుర్గయ్య కూడా ఉన్నాడు. ఎటు నుంచి వచ్చాడో, వాళ్లందరికంటే ముందు నుంచే అక్కడ ఉన్నట్టు గుండెలు బాదుకుంటున్నాడు.

ముసురు పట్టి ఎండ తగలకుంటే కుళ్లిన మూలల్లో చేపకు ఊపిరాడక తేలడం వాళ్లెవరికీ కొత్త కాదు. వెనక కూడా అయింది. కానీ ముసురును మెడ పట్టుకొచ్చి నిలబెట్టి అడగలేరు కదా. పది అడుగుల దూరంలో పచ్చటి గుడారం ఉంటే మబ్బుల కేసి ఎవరు చూస్తారు?

నిహారికను చెయ్యి పట్టి బయటికి లాగారు. కళ్లద్దాలు కూడా పెట్టుకోనివ్వలేదు. సంచి బురదలో బోర్లించారు. బట్టలు, చిన్న పొయ్యి, బిస్కెట్లు, చార్జరు. వాటి నడుమ ఆ బిళ్లల పట్టీ.

లింగస్వామి వంగి దాన్ని తీశాడు. సంఘం పెద్ద, నెత్తి నెరిసిన మనిషి, గొంతు ఎత్తకుండానే మాట్లాడతాడు. "ఇవేం బిళ్లలు?"

"నీళ్లల్ల వేసే బిళ్లలు సార్" అంది నిహారిక ఏడుపు గొంతుతో.

అంతే, గుంపు గుప్పున లేచింది. "విన్నరా! నోటితోనే ఒప్పుకుంది!" "పోలీసులకు ఫోన్ కొట్టు!" "పోలీసులెందుకు, తుమ్మచెట్టుకు కట్టెయ్యిండ్రి, గ్యాంగంత బయటికొస్తది!"

"ఇంటికి ఫోన్ చెయ్యి. మీ బాపుతోని మాట్లాడుత" అన్నాడు లింగస్వామి.

"వద్దు సార్, మా బాపుకు తెల్వదు..."

ఇక చెప్పాలా. అనుమానం ముదిరి నిజమై కూర్చుంది. అప్పుడు దుర్గయ్య గుంపును తోసుకొని ముందుకొచ్చాడు.

"నేను, మా వదినె రాత్రంత కట్ట మీదనే ఉన్నం. ఈ పిల్ల లైటు పట్టుకొని నీళ్లల్లకు దిగి ఏదో చల్లింది. నా కండ్లార సూసిన. కాదా వదినె?"

అందరూ సైదమ్మ వైపు తిరిగారు.

నిహారిక కూడా అప్పుడే ఆమెను గుర్తుపట్టింది. "అక్కా! నువ్వు చెప్పక్కా! సార్, ఈ అక్క రాత్రంత నా గుడారంలనే ఉన్నది. అక్కనడుగుండ్రి!"

"ఏందే, మా వదినె నీ గుడారంల ఉన్నదా?" అని దుర్గయ్య పగలబడి నవ్వాడు. గుంపు కూడా నవ్వింది. కాపలా విడిచి, దారినపోయే పిల్లతో గుడారంలో పడుకునే ఆడది ఎవరుంటారు?

సైదమ్మకు అంతా స్పష్టంగా కనిపిస్తోంది. "ఔ" అంటే చాలు. ఒక్క అక్షరం. దొంగను పట్టించిన కాపలాదారు అవుతుంది, పేరు నిలుస్తుంది, దుర్గయ్య కూడా ఇక నోరెత్తలేడు. ఆ పిల్ల ఎవరు? ఇంట్లో అబద్ధం చెప్పి తిరిగే పిల్ల. నిన్నటిదాకా మొహం తెలియదు. రేపటి నుంచి మళ్లీ కనబడదు. పోలీసులు అడుగుతారు, వదిలేస్తారు. వదిలెయ్యరా? చెట్టుకు కట్టేస్తే పోలీసులు వచ్చేదాకా ఎవడి చెయ్యి ఎక్కడ పడుతుందో! దుర్గయ్య తన కొడుకు కోసం అబద్ధమాడాడా, తన తప్పు కప్పుకోవడానికి ఆడాడా అన్నది కూడా ఇప్పుడామెకు అక్కర్లేదు. అంత ధైర్యంగా "కాదా వదినె" అని అడిగాడే, అక్కడ మండింది ఆమెకు. నువ్వు కూడా నాలాంటిదానివే కదా అన్నట్టు అడిగాడు.

"కాదు" అంది.

"ఏంది కాదు?" అన్నాడు లింగస్వామి.

"దుర్గయ్య కట్ట మీద లేడు మామా. పొద్దుగూకంగనే బువ్వ తెస్తనని ఇంటికి పోయిండు, మల్ల రాలే. నేను కూడ లేను. పందిరి కొట్టుకపోయింది, పిడుగు పడ్డది. ఈ పిల్ల గుడారంలకు పోయిన. కోడికూతకు వచ్చిన."

నవ్వులు ఆగిపోయాయి. చేపలు నీళ్లను టపటపా కొడుతున్న చప్పుడు వినిపించింది.

లింగస్వామి గొంతు సవరించుకున్నాడు. "పండుకొని ఉంటవు బిడ్డా. నీకు తెల్వకుంట లేచి పోయిందేమో."

"నమ్మితే పండుకుందును మామా. నమ్మలే. నమ్మకనే తెల్లార్లు దాని మొకం సూసుకుంట కూసున్న. రెప్ప కొట్టలే. కాలు కదిపితే కర్రతోని పొడిసిన. ఆ పిల్ల ఏడికీ పోలే."

"మరి ఈ బిళ్లలు?"

సైదమ్మ అతని చేతిలోంచి పట్టీ లాక్కుంది. ఒక బిళ్ల చిదిపి, బురదలో దొర్లుతున్న సీసాలో వేసి, చెరువు నీళ్లు ముంచి, ఊపి, అందరి ముందూ సగం సీసా తాగేసింది. మూతి తుడుచుకుంది. "రాత్రి గూడ తాగిన. సచ్చిన్నా?"

నిహారిక చెయ్యి పట్టుకున్నవాడు మెల్లగా వదిలేశాడు. "ముసురుకు తేలినట్టున్నయి" అని వెనక నుంచి ఎవరో గొణిగారు. ఆ మాట కోసమే చూస్తున్నట్టు ఒకరిద్దరు తలలూపారు. పొద్దున్నుంచి ఎవరి నోటా రాని ముసురు ఇప్పుడు అందరికీ గుర్తొచ్చింది.

"పిల్లను పోనియ్యిండ్రి" అన్నాడు లింగస్వామి. తరువాత సైదమ్మ వైపు చూడకుండా, చేతికర్రతో నేల మీద గీత గీస్తూ అన్నాడు. "చేపలు ఎట్ల సచ్చినయన్నది వేరే ముచ్చట. కాపలా విడిసిపోయినవు. నీ నోటితోనే చెప్పినవు. మాటంటే మాట. గాలయ్య పేరు దుర్గయ్య కొడుకుకు పోతది."

"సరే మామా. మరి దుర్గయ్య పేరు ఎవలకు పోతది?"

దుర్గయ్య అప్పటికే తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. "నాకు చలిజ్వరమొచ్చింది లింగస్వామన్నా. నిలవడలేకపోయిన. వదినె ఉన్నదని నమ్మి పోయిన" అన్నాడు. దగ్గాడు కూడా. అబద్ధపు సాక్ష్యం సంగతి ఎవరూ ఎత్తలేదు. జ్వరంలో ఏదో అన్నాడులే అన్నట్టు చూశారు.

"జ్వరమొచ్చినోన్ని ఏమంటం సైదమ్మా" అన్నాడు లింగస్వామి.

"ఔ మామా. ఆయనకు జ్వరమొస్తె పోవచ్చు. నాకు పిడుగు పడ్డా పోవద్దు." సైదమ్మ ఆ మాట ఒళ్లు మంటతో అంది. ఇంకా ఏదైనా అంటే ఏడుపు కూడా వచ్చేస్తుందని నోరు మూసుకుంది.

మగవాళ్లు నీళ్లలోకి దిగారు. కొనఊపిరితో ఉన్న చేపలనైనా లోతు నీళ్లలోకి తోలాలి. దుర్గయ్య కూడా దిగాడు, జ్వరం మాట మరిచిపోయి.

నిహారిక బురదలో కూర్చొని బట్టలు ఏరుకుంటోంది. సైదమ్మ పోయి పక్కన కూర్చుంది. కళ్లద్దాలు వెతికి తీసి, కొంగుతో తుడిచి ఇచ్చింది.

"నా వల్ల నీకు అన్యాయమైందక్కా" అంది ఆ పిల్ల. "నువ్వు లేకుంటే నా పనైపోతుండె. నీ రుణం ఎట్ల తీర్చుకోవాలె?"

"రుణమేంది పిల్లా. ఇంటికి పొయ్యి మీ బాపుకు నిజం చెప్పు" అంది సైదమ్మ. గుండె బరువెక్కి ఉంది. ఈ దిక్కుమాలిన పొద్దున ఒక్క మనిషైనా తన వైపు ఉన్నందుకు ఆ బరువులోనే కొంచెం హాయిగా కూడా ఉంది. గుడారం మడవడానికి అటు కొస పట్టుకుంది.

మడవడం అయిపోయాక నిహారిక సంచి ముందు కూర్చుంది. పై అర తెరిచి చూసింది. పక్క అర తెరిచింది. చిన్న పర్సు తీసి, విప్పి, లోపల వేలు పెట్టి తడిమి, మళ్లీ పెట్టింది. ఇంకో అరలో చెయ్యి పెట్టి దేని కోసమో వెతికింది. దొరకలేదు. మళ్లీ వెతికింది. అప్పుడు తల ఎత్తి, ఒక్క లిప్త సైదమ్మ నడుము దగ్గర చూసింది. అక్కడ కొంగు కొస ముడి వేసి ఉంది. చూసి, వెంటనే చూపు తిప్పుకొని, లోపలి అరలోంచి సన్నటి వెండి గొలుసు బయటికి తీసి గబుక్కున పిడికిట్లో దాచుకుంది.

సైదమ్మ ఆ చూపు చూసింది. మగవాళ్లందరి ముందూ ఊడని గుండె అప్పుడు ఊడి కింద పడ్డట్టయింది. కోపం రాలేదు, సిగ్గేసింది. చేసిందంతా ఎవరి కోసం చేసినట్టు?

"అన్నీ ఉన్నయా బిడ్డా?" అంది.

"ఉన్నయక్కా... గంతమంది చేతులు వెట్టిండ్రు గదా, అందుకనే జర..."

"మంచిగనే చేసినవు. ఇంకోపాలి సూసుకో. తెల్లార్లు నీ పక్కన కూసున్నది నేనే గదా."

సైదమ్మ నడుము దగ్గరి కొంగు తీసి, తడిసి బిగిసిన ముడిని పంటితో లాగి విప్పి, ఆ పిల్ల ముందు పరిచింది. అందులో సగం కొరికిన వక్కపలుకు ఒకటి ఉంది.